లేజర్ పూత గట్టిగానే ఉంది, అయినా అరిగిపోతోందా?

బరువులో 60 శాతం టంగ్‌స్టన్ కార్బైడ్, మిగతాది నికెల్ మిశ్రమం. ఈ పొడితో స్క్రూ కన్వేయర్ రెక్కలకు, పంపు స్లీవులకు లేజర్ క్లాడింగ్ (లేజర్‌తో పొడిని కరిగించి లోహం మీద పూతగా వేయడం) చేసేవారి కోసం రాస్తున్నాను. పూత త్వరగా అరిగిందనగానే అందరూ పొడి అమ్మినవారి మీద పడతారు. ఆ ఫోను చేసే ముందు ఒక ముక్కను అడ్డంగా కోసి, పాలిష్ చేసి, మైక్రోస్కోపు కింద పెట్టండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పనే చేయరు. గట్టిదనం చెప్పే రాక్‌వెల్ అంకె చూసి సరిపెట్టుకుంటారు.

పెచ్చులుగా ఊడుతోంది

ఇది అరుగుదల కాదు, పూత అతుక్కోకపోవడం. నూనె, తుప్పు లేకుండా శుభ్రం చేశాక కూడా ఊడితే అడుగు లోహానికి వేడి చాలడం లేదు. అలాగని వెంటనే పవర్ పెంచకండి. ముందు లేజర్ హెడ్‌లోని రక్షణ గాజు తీసి చూడండి, అది మసకబారితే లేజర్ పూర్తిగా కిందికి చేరదు.

పైపొర ఇట్టే పోయింది, తర్వాత అరుగుదల నెమ్మదించింది

కార్బైడ్ సాంద్రత నికెల్ మిశ్రమానికి దాదాపు రెట్టింపు. కరిగిన మడుగు ఎక్కువసేపు ద్రవంగా ఉంటే, కలపని పప్పుచారులో పప్పులా గింజలన్నీ అడుగుకు చేరతాయి. వేగం పెంచి, పవర్ తగ్గించండి.

గట్టిదనం పెరిగింది, అరుగుదలా పెరిగింది

నా చేతులు కాలింది ఇక్కడే. రెక్కలు మామూలుగా పనిచేసే కాలంలో సగానికే తిరిగి వచ్చాయి. "సార్, రాక్‌వెల్‌లో ఇంకా ఎక్కువే చూపించింది కదా" అన్నాడు ఆపరేటర్. నిజమే, ఎక్కువే చూపించింది. జబ్బు కూడా అదే.

కార్బైడ్ 2,700 డిగ్రీలు దాటితే గాని కరగదు కదా అని వాదిస్తారు. కరగడం రెండు రకాలు. మంటకు మైనం కరగడం ఒకటి, నీళ్లలో బెల్లం కరగడం ఇంకొకటి. ఇక్కడ జరిగేది రెండోది. మడుగు అతిగా వేడెక్కితే కార్బైడ్ గింజల అంచులు ద్రవ నికెల్‌లో కలిసిపోతాయి. చల్లారేటప్పుడు ఆ టంగ్‌స్టన్, కార్బన్ పెళుసైన కొత్త కార్బైడ్లుగా విడిపోతాయి. దాంతో నికెల్ గట్టిపడుతుంది, అంకె పెరుగుతుంది. కానీ ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం వికర్స్ అనే ఇంకో కొలతలో సుమారు 1,100. నికెల్ 450 నుంచి 700కు ఎగబాకినా ఇసుక దాన్ని చెక్కుతూనే ఉంటుంది. అడ్డుపడాల్సిన పెద్ద గింజలేమో చిక్కిపోయాయి.

మైక్రోస్కోపులో గింజ అంచు గీత గీసినట్లు స్పష్టంగా ఉంటే మంచిది. అంచు కొరికినట్లుండి, చుట్టూ చేప ముల్లు లాంటి ఆకారాలు కనిపిస్తే గింజ కరిగిందన్నమాట.

మా దగ్గర వేడి ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడానికి వారం పట్టింది. రక్షణ గాజు మసకబారి, పూత అతకడం లేదని ఎవరో పవర్ పెంచారు. తర్వాత షిఫ్టులో గాజు మార్చారు, పవర్ మాత్రం తగ్గించలేదు. తెర మీద అంకెను నమ్మకండి. నాజిల్ కింద పవర్ మీటర్ పెట్టి కొలవండి, గాజు మార్చిన ప్రతిసారీ.

ఇంకో మోసం ఉంది. సన్నటి రెక్క మీద మొదటి వరస బాగానే ఉంటుంది, చివరికి వచ్చేసరికి వేడి పేరుకుపోతుంది. మొదటి వరస దగ్గర ముక్క కోసి "అంతా బాగుంది" అని సంతకం పెట్టింది నేనే. ముక్క చివరి వరస నుంచి కోయండి. వరసల మధ్య ఉష్ణోగ్రత కొలవండి. పగుళ్లు రాకుండా రెక్కను ముందుగానే 300 డిగ్రీలకు వేడి చేస్తున్నట్లయితే, ఆ మేరకు లేజర్ పవర్ తగ్గించాలి.

మిగతావి

పొడిలో తేమ ఉంటే ఓవెన్‌లో ఆరబెట్టండి. నాజిల్ మూతి అరిగితే మార్చండి. గ్యాస్ సిలిండర్‌ను అనుమానించేవారు చాలామంది ఉన్నారు, నాకైతే ఇంతవరకు అది దొంగగా దొరకలేదు. ఇసుక, రబ్బరు చక్రంతో అరుగుదల పరీక్ష చేయించి పాత పూతతో పోల్చేటప్పుడు తగ్గిన బరువును కాదు, తగ్గిన ఘనపరిమాణాన్ని చూడండి. కార్బైడ్ ఎక్కువున్న పూత బరువైనది కాబట్టి గ్రాముల్లో చూస్తే మంచి పూతే చెడ్డదిగా కనిపిస్తుంది.