షెల్ఫు ఫీజుకు ఒప్పుకొనే ముందు వేసుకోవలసిన లెక్క

సూపర్‌మార్కెట్లలో కొత్త సరుకు పెట్టించాలంటే మార్జిన్ (సీసా ధరలో దుకాణానికి మిగిలే వాటా) ఒక్కటే వదిలితే సరిపోదు. సరుకును చేర్చుకున్నందుకు లిస్టింగ్ ఫీజు, కంటికి ఎదురుగా ఉండే అరలోనో బిల్లింగ్ కౌంటరు పక్కనో పెట్టినందుకు డిస్‌ప్లే చార్జీ విడిగా అడగడం కద్దు. కొత్త సరుకుకు చోటివ్వాలంటే అమ్ముడవుతున్న మరొకదాన్ని తీసేయాలి గనుక, ఆ ఫీజు చాలావరకు దుకాణం మోసే నష్టభయానికి వెల. బ్రిటన్‌లో 2010 నుంచి అమలవుతున్న కిరాణా సరఫరా నియమావళి కూడా, కొత్త సరుకుకు పెద్ద దుకాణాలు అడిగే సొమ్ము ఆ నష్టభయానికి సబబైన అంచనాగా ఉండాలంటుంది.

పచ్చళ్లు తయారుచేసే చిన్న సంస్థ ముందుగా చూడవలసింది ఎంఆర్‌పీని కాదు, అన్ని ఖర్చులూ, గడువు తీరి తిరిగివచ్చే సరుకు నష్టమూ పోగా సీసాకు మిగిలేదాన్ని. అది 20 రూపాయలనీ, 20 దుకాణాలకు ఆరు నెలల ఫీజు 30,000 రూపాయలనీ అనుకుందాం. పెట్టింది రాబట్టుకోవడానికే 1,500 సీసాలు, అంటే దుకాణానికి 75, వారానికి దాదాపు మూడు అమ్ముడుపోవాలి. ఇప్పటికే వారానికి రెండు పోతున్న దుకాణంలో డిస్‌ప్లే చార్జీ కడితే, ఆ రెండింటినీ లెక్కలోంచి తీసేయాలి. అక్కడ ఐదు పోతేనే గిట్టుబాటు. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాలపై తక్కువ శాతం జీఎస్టీ కట్టే పద్ధతిలో) ఉన్నవారికి ఫీజుపై పడే జీఎస్టీ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గింపుగా, రాదు గనుక దాన్నీ ఖర్చులోనే కలపాలి.

తరువాత, ఫీజుకు బదులు సీసాకు ఐదు రూపాయలు అదనపు మార్జిన్ ఇస్తానని అడిగి చూడాలి. సరుకు కదలకపోతే చేతినుంచి పోయేదేమీ ఉండదు. అయితే 6,000 సీసాలు, అంటే దుకాణానికి వారానికి 12 దాకా, దాటితే ఫీజే చవక. అంత అమ్మకంపై గట్టి నమ్మకం ఉంటే తప్ప ఫీజు కట్టకపోవడం మేలని నా అభిప్రాయం. ఒకసారి పెంచిన మార్జిన్‌ను తగ్గించడం కష్టం కాబట్టి ఆ అదనపు మార్జిన్ ఏ తేదీ వరకో ముందే రాయించాలి.

ఒప్పందంలో దుకాణాల పేర్లు, ఏ అర, ఎన్ని సీసాలు ముందువరసలో ఉండాలి, స్టాకు అయిపోయిన రోజులకు ఫీజు తగ్గింపు ఎంత అన్నవి ఉండాలి. ఫీజును సరుకు బిల్లులోంచి కోసుకోనివ్వకుండా విడి ఇన్‌వాయిస్ అడగాలి; లేకపోతే రావలసిన బాకీ ఎంతో తేలదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకు కొనుగోలుదారు 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం చెబుతున్నది గనుక, చెల్లింపు గడువును కూడా అదే కాగితంలో రాయించాలి.