చెన్నైలో స్టీల్ షెడ్డుకి ఇన్సూరెన్స్ ఖర్చు తగ్గాలంటే

మాధవరం, రెడ్‌హిల్స్, గుమ్మిడిపూండి వైపు గోడౌన్లు పెట్టుకున్న మనవాళ్లలో చాలామంది రెన్యువల్ రాగానే ముందు చేసేది షెడ్డు విలువ తగ్గించి రాయించడం. ప్రీమియం తగ్గుతుంది, నిజమే. కానీ కోటి రూపాయల షెడ్డుని 60 లక్షలకి రాయించారనుకోండి, గాలివానకి 20 లక్షల నష్టం జరిగితే లెక్కకొచ్చేది 12 లక్షలే, అందులోనూ ఎక్సెస్ కింద, అంటే ప్రతి నష్టంలో మీరే భరించాల్సిన వాటా కింద, కొంత పోతుంది. మొత్తం ఆస్తి 50 కోట్ల లోపు ఉంటే తీసుకునే భారత్ సూక్ష్మ, లఘు ఉద్యమ్ సురక్ష పాలసీల్లో 15 శాతం వరకు తక్కువ రాయించినా పట్టించుకోరు, అంతకు మించితే కోత తప్పదు. రాయించే విలువలోంచి తీసేయాల్సింది స్థలం విలువ. కొందరు అమ్మితే ఎంతొస్తుందో ఆ రేటు రాయిస్తారు, ఎందుకండీ? నేల కాలిపోదు కదా. ఇవాళ మళ్లీ కట్టాలంటే స్టీలుకి, రేకులకి, ఫ్లోరింగ్‌కి, కూలికి ఎంతవుతుందో అంతకి రాయించండి చాలు.

అసలు ప్రీమియం రేటు తేలేది లోపల ఏముందన్న దగ్గరే. జీఐ పైపులు పెట్టిన షెడ్డుకీ, ఫోమ్ పరుపులు లేదా థిన్నర్ డ్రమ్ములు పెట్టిన షెడ్డుకీ ఒకే రేటు ఎవరూ ఇవ్వరు. సగం షెడ్డు ఇంకొకరికి అద్దెకిచ్చి, వాళ్లు ప్లాస్టిక్ సరుకు దింపితే మీ పైపులకి కూడా ఆ రేటే పడొచ్చు. మధ్యలో రేకు అడ్డం పెడితే సరిపోదు, పైకప్పు దాకా ఇటుక గోడ ఉండాలి, లేదంటే అలాంటి సరుకుని దూరంగా వేరే షెడ్డులోకి మార్చేయాలి. చెప్పకుండా దాస్తే మాత్రం క్లెయిమ్ దగ్గర నష్టం లెక్కకట్టడానికి వచ్చే సర్వేయర్ పట్టుకుంటాడు.

ఇంకో మాట. స్టీల్ కాలదు కాబట్టి భయం లేదనుకోకండి, దాదాపు 550 డిగ్రీల దగ్గర దాని బలం సగానికి పడిపోతుంది, కప్పు మొత్తం కిందికి దిగిపోతుంది. ఎండకి తట్టుకోలేక థర్మోకోల్, పఫ్ (ఫోమ్ నింపిన) ప్యానెళ్లు వేయించే వాళ్లు ఇది ముందే ఆలోచించాలి. అవి అంటుకుంటే ఆర్పడం కష్టం, ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా వెనకాడతాయి. కాలని రాతి ఉన్నితో చేసే రాక్‌వూల్ అయితే ఖరీదు ఎక్కువే, కానీ రేటు మాట్లాడేటప్పుడు చెప్పుకోడానికి ఉంటుంది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ల సర్వీసు బిల్లులు, స్ప్రింక్లర్లుంటే వాటి ఫోటోలు, వైరింగ్ తనిఖీ రిపోర్టు అన్నీ ఒక ఫైల్లో పెట్టి కొటేషన్ అడిగేటప్పుడే ఇచ్చేయండి, రేటు ఖాయమయ్యాక చూపిస్తే లాభం లేదు.

గాలి సంగతి చెన్నైలో వేరు. కట్టడాలు ఎంత గాలికి తట్టుకోవాలో చెప్పే ఐఎస్ 875 ప్రమాణం మూడో భాగంలో గాలి వేగం బెంగళూరుకి సెకనుకి 33 మీటర్లు, మనకి 50 మీటర్లు. 2016 డిసెంబర్‌లో వర్దా తుఫాను చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ గాలికి తట్టుకునేలా కట్టామని షెడ్డు కట్టిన కంపెనీ దగ్గర డిజైన్ సర్టిఫికెట్ తీసుకుని దాచుకోండి. వానాకాలం ముందు స్క్రూలు, వాషర్లు చూపించండి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు రోలింగ్ షట్టర్లు గట్టిగా బిగించండి, అవి ఊడితే గాలి లోపలికి దూరి రేకుల్ని కింది నుంచి పైకి తోస్తుంది.

ఆస్తి 50 కోట్లు దాటిన వాళ్లు స్టాండర్డ్ ఫైర్ పాలసీలో తుఫాను, వరద కవర్ వద్దంటే ప్రీమియం తగ్గుతుందని ఏజెంట్ చెబుతాడు. 2015 వరదల్లో, మళ్లీ 2023 మిచౌంగ్ తుఫానులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తున్న ఊళ్లో ఆ పని చేయకండి. దానికి బదులు ఫ్లోరు రోడ్డు కంటే ఎత్తులో ఉందని ఫోటోలతో చూపించి, సరుకుని ప్యాలెట్ల మీద పెట్టి, తక్కువ రేటు అడగండి. చిన్నచిన్న నష్టాలు మీరే భరించగలిగితే ఎక్సెస్ పెంచుకోండి, దానికీ రేటు తగ్గుతుంది.

లోను ఉంటే బ్యాంకు పేరు పాలసీలో ఉండాలి, అంతవరకే, వాళ్లు చూపించిన కంపెనీలోనే తీసుకోవాలని లేదు. ఒకే వివరాలతో మూడు నాలుగు కొటేషన్లు తెప్పించుకోండి, పోల్చేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో చూసుకోండి. గోడౌన్ నెలకు మించి ఖాళీగా ఉండబోతుంటే ముందే రాతపూర్వకంగా చెప్పి ఒప్పుకోలు తీసుకోండి, లేకపోతే కట్టిన ప్రీమియం దండగే.