లైనక్స్‌లో బోర్డు పెడితే పోర్టు రావట్లేదా? ముందు కెర్నల్ ఏం చెప్తా ఉందో చూడండి

తిరుపతిలో ఇంజనీరింగ్ పిల్లలకి ప్రాజెక్టుల టైం వచ్చిందంటే చాలు, ప్రతి హాస్టల్‌లో ఇదే గోల. ఆర్డ్యునో గానీ నోడ్‌ఎంసీయూ గానీ, అట్లాంటి ప్రోగ్రాం ఎక్కించే చిన్న బోర్డుని లాప్‌టాప్‌కి పెడతారు, లైట్ వెలుగుతాది, ఉబుంటు లైనక్స్‌లో పోర్టు (బోర్డుతో మాట్లాడే దారి) మాత్రం రాదు. బోర్డు పోయిందనుకుని కొత్తది కొనేస్తారు, లేదంటే ఓఎస్ మొత్తం తీసేసి మళ్లీ వేస్తారు. రెండూ వద్దు, ఇంట్లోవాళ్లు పంపే డబ్బులు గదా అవి. తప్పు యాడుందో చాలావరకు కెర్నలే (హార్డ్‌వేర్‌తో మాట్లాడే ఓఎస్ గుండెకాయ) రాసిపెడతాది.

బోర్డు పీకేసి, టెర్మినల్‌లో సుడో డీమెసేజ్ మైనస్ డబ్ల్యూ (sudo dmesg -w) కొట్టి అట్లే వదిలేయండి. ఇప్పుడు బోర్డు పెడితే కొత్త లైన్లు కళ్లముందే పడతాయి. ఆ లైన్లని బట్టే మిగతాదంతా.

సమస్య: లైట్ వెలిగింది గానీ ఒక్క లైను కూడా పడలేదు

దాదాపుగా కేబులే. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకి, రెండు డేటాకి. బస్టాండ్ దగ్గర చీప్‌గా దొరికే చార్జింగ్ కేబుళ్లలో కొన్నిట్లో డేటా తీగలే ఉండవు, అందుకే లైట్ వెలుగుతాది, కెర్నల్‌కి మాత్రం ఏదో పెట్టారన్న సంగతే తెలీదు. ఫోన్‌లోంచి ఫోటోలు కాపీ అయ్యే కేబుల్ తెచ్చి పెట్టి చూడండి.

సమస్య: డిస్క్రిప్టర్ రీడ్ ఎర్రర్ -71 లేదా -110, ఆఖర్లో అనేబుల్ టు ఎన్యూమరేట్

ఎవరు నువ్వు అని కెర్నల్ అడిగింది, -71 అంటే జవాబు చెడిపోయి వచ్చింది, -110 అంటే టైం దాటినా రాలేదు. ఇంకా డ్రైవర్ దాకా పోనేలేదు, కాబట్టి ఈ స్టేజిలో డ్రైవర్లు వెతుక్కుంటా కూర్చోవద్దు. హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కే పెట్టండి, పొట్టి కేబుల్ వాడండి, లాప్‌టాప్‌లో వేరే యూఎస్‌బీ పోర్టుకి మార్చండి. సర్వో మోటర్లు, రిలేలు అన్నీ బోర్డు మీదనుంచే కరెంటు లాగుతా ఉంటే వాటిని పీకేసి చూడండి, ఎందుకంటే యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేదే 500 మిల్లీఆంపులు. ఓవర్ కరెంట్ అని పడితే మాత్రం వెంటనే తీసేయండి, బ్రెడ్‌బోర్డులో యాడన్నా షార్ట్ అయ్యిందేమో చూసినాకే మళ్లీ పెట్టాల.

సమస్య: టీటీవై యూఎస్‌బీ 0 (బోర్డు పోర్టుకి లైనక్స్ పెట్టే పేరు, ttyUSB0) వచ్చినట్టే వచ్చి సెకన్లో మాయం

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. ఉబుంటు 22.04లో, సీహెచ్340 చిప్పున్న (యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే చిప్పు) బోర్డులకి వస్తాది. ఎల్‌ఎస్ యూఎస్‌బీ (lsusb) కొడితే 1ఏ86:7523 అని కనపడతాది, డీమెసేజ్‌లో బీఆర్ఎల్‌టీటీవై (brltty) అన్న పేరుంటాది, ఆ వెంటనే డిస్కనెక్టెడ్. బీఆర్ఎల్‌టీటీవై అనేది చూపులేనివాళ్లు వాడే బ్రెయిల్ డిస్‌ప్లేలని నడిపే ప్రోగ్రాం, ఇదే ఐడీతో ఒక బ్రెయిల్ డిస్‌ప్లే కూడా ఉండేసరికి మీ బోర్డుని కూడా అదే అనుకుని లాక్కుంటాది. నెట్‌లో అందరూ దాన్ని తీసేయమంటారు, మీ ఒక్కరి లాప్‌టాప్ అయితే సుడో ఆప్ట్ రిమూవ్‌తో తీసేయొచ్చు. కాలేజీ ల్యాబ్ సిస్టంలో మాత్రం దయచేసి అట్లా చేయొద్దు, బ్రెయిల్ మీద ఆధారపడే పిల్లలు అదే సిస్టంలో కూర్చోవచ్చు. ఏ పరికరం పెడితే ఏం చేయాలో రాసుండే 85-బీఆర్ఎల్‌టీటీవై రూల్స్ ఫైల్‌ని (85-brltty.rules) ఈటీసీ కిందుండే యూడెవ్ రూల్స్ ఫోల్డర్‌లోకి (/etc/udev/rules.d) అదే పేరుతో కాపీ చేసి, అందులో 7523 ఉన్న రూల్ లైన్‌కి ముందు హాష్ (#) పెట్టి సిస్టం రీస్టార్ట్ చేయండి. అప్‌డేట్లు వచ్చినా ఈ మార్పు పోదు.

సమస్య: పోర్టు నిలిచింది గానీ అప్‌లోడ్ కొడితే పర్మిషన్ డినైడ్

ఉబుంటులో అయితే, పోర్టు వాడుకునే హక్కుండే డయల్‌అవుట్ (dialout) గ్రూపులో మీ యూజర్ లేడు. యూజర్‌మాడ్‌తో చేర్చి, లాగవుట్ అయ్యి మళ్లీ లాగిన్ అవ్వండి. సుడోతో ఐడీఈ (ప్రోగ్రాం రాసి బోర్డుకి ఎక్కించే సాఫ్ట్‌వేర్) తెరిచే అలవాటు మాత్రం వద్దు.

సమస్య: ఎల్‌ఎస్ యూఎస్‌బీలో ఐడీ ఉంది, పోర్టే పుట్టలేదు

డ్రైవర్ మాడ్యూల్ లోడ్ కాలేదు. సీహెచ్340 చిప్పు బోర్డైతే సుడో మోడ్‌ప్రోబ్ సీహెచ్341 (sudo modprobe ch341) కొట్టండి (చిప్పు 340 అయినా మాడ్యూల్ పేరు 341 అనే ఉంటాది). మాడ్యూల్ నాట్ ఫౌండ్ అంటే, ఆర్చ్ లాంటి డిస్ట్రోల్లో (లైనక్స్ రకాల్లో) అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేయకుండా వదిలేసుంటారు, నడుస్తా ఉన్న కెర్నల్ పాతది, డిస్క్‌లో ఉన్న మాడ్యూల్స్ కొత్తవి. యూనేమ్ మైనస్ ఆర్ (uname -r) చూపించే వెర్షన్ పేరుతో లిబ్ మాడ్యూల్స్‌లో (/lib/modules) ఫోల్డర్ ఉందో లేదో చూడండి, లేకపోతే రీస్టార్ట్ చేస్తే సరిపోతాది.