మైగ్రేన్ తరచూ వస్తోందా? ముందు గోడ క్యాలెండర్ మీద లెక్క రాయండి

కర్నూలు, కడప, అనంతపురం వైపు మైగ్రేన్‌కు పేర్లు చాలా ఉన్నాయి. కొందరు ఒంటి తలనొప్పి అంటారు, కొందరు పార్శ్వపు నొప్పి అంటారు. వాంతి అయ్యాక తల తేలికపడుతుంది కాబట్టి పైత్యం అనేవాళ్లూ ఉన్నారు. పేరు ఏదైనా, నెలకు ఒకటి రెండుసార్లు వచ్చే నొప్పి వారానికి మూడుసార్లకు చేరిందంటే మొదట అనుమానించాల్సింది మందుల డబ్బాని. నొప్పి కోసం మింగే బిళ్లలే, రోజులు మితిమీరితే, నొప్పిని పెంచుతాయి. అందుకే ఈ పనిలో మొదటి పరికరం మందు కాదు, పెన్ను.

అది మైగ్రేనేనా?

మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటలు ఉండే నొప్పి ఇది. చాలామందికి ఒక పక్కే వస్తుంది, నాడి కొట్టుకున్నట్టు పోటు పెడుతుంది, మెట్లెక్కినా వంగినా ఎక్కువవుతుంది. దాంతోపాటు వికారం ఉంటుంది, లేదా వెలుతురు, చప్పుడు రెండూ భరించలేకపోతారు. తలుపు వేసి, చీకట్లో కదలకుండా పడుకోవాలనిపిస్తే అది మైగ్రేన్ అయ్యే అవకాశం ఎక్కువ. కొందరికి నొప్పికి ముందు కళ్ల ముందు మెరిసే వంకర గీతలు కనిపిస్తాయి, చూపులో ఒక మూల మసకబారుతుంది. దీన్ని ఆరా అంటారు. సాధారణంగా 5 నిమిషాల నుంచి గంటలోపు పోతుంది. పిల్లల్లో నొప్పి రెండు పక్కలా రావచ్చు, రెండు గంటల్లోనే తగ్గిపోవచ్చు.

ముక్కు కారడం, కళ్లలో నీళ్లు రావడం మైగ్రేన్‌లోనూ ఉంటాయి కాబట్టి చాలామంది ఏళ్ల తరబడి సైనస్ మందులు వాడుతుంటారు. జ్వరం, చిక్కటి పసుపుపచ్చ చీమిడి లేకుండా నెలనెలా తిరిగొచ్చే నొప్పిని సైనస్ ఖాతాలో వేయకముందు ఒకసారి ఆలోచించాలి. ఏళ్లుగా ఒకే తీరులో వస్తూ, డాక్టరు పరీక్షలో నరాలకు సంబంధించిన తేడా ఏమీ లేకపోతే సాధారణంగా స్కాన్ అవసరం ఉండదు. తీసినా చాలావరకు నార్మల్ అనే వస్తుంది, దాని అర్థం నొప్పి నటన అని కాదు.

ఈ కిందివాటిలో ఏది ఉన్నా క్యాలెండర్ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. నిమిషంలోపే తారస్థాయికి చేరిన నొప్పి. జ్వరంతో మెడ బిగుసుకుపోవడం. ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం, మూర్ఛ. తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి. 50 దాటాక మొదటిసారి వచ్చిన నొప్పి. గర్భంతో ఉన్నప్పుడో కాన్పయిన కొత్తల్లోనో తీవ్రంగా వచ్చిన నొప్పి. మాట తడబడినా, పట్టు తప్పినా 108కి ఫోన్ చేయడమే, నిమ్మకాయ వాసన చూపిస్తూ కూర్చోకూడదు.

క్యాలెండర్ మీద ఏం రాయాలి?

పాల ప్యాకెట్ల లెక్క రాసుకునే గోడ క్యాలెండరే చాలు. తల నొచ్చిన ప్రతి రోజూ ఆ గడిలో మూడు గుర్తులు పెట్టండి. నొప్పి తీవ్రతకు పదికి ఎంతో ఒక అంకె. వేసుకున్న ప్రతి బిళ్లకు ఒక నిలువు గీత. బిళ్ల వేసుకున్న రెండు గంటల్లో తగ్గితే టిక్కు, తగ్గకపోతే ఇంటూ. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న నొప్పి ఇంజెక్షన్ కూడా ఒక గీతే. మోకాళ్ల నొప్పికి వేసుకున్న బిళ్లా గీతే, ఇది చాలామంది మరచిపోతారు. ఆడవాళ్లు నెలసరి మొదలైన రోజు చుట్టూ సున్నా చుట్టాలి.

కారణాలు మాత్రం నొప్పి వచ్చిన రోజే రాయండి, అదీ రెండు మాటల్లో: "మధ్యాహ్నం తినలేదు", "పెళ్లి, నిద్ర లేదు". రోజూ పేజీ నింపే డైరీ పెట్టుకుంటే పది రోజుల్లో అటకెక్కుతుంది. మూడు నెలలు రాస్తే డాక్టరుకు చూపించదగ్గ లెక్క తయారవుతుంది.

నొప్పి మొదలైన మొదటి గంట

మైగ్రేన్ వచ్చినప్పుడు పొట్ట కదలిక మందగిస్తుంది. ఆలస్యంగా మింగిన బిళ్ల త్వరగా రక్తంలోకి చేరకుండా కడుపులో ఎక్కువసేపు ఉండిపోతుంది. "ఇంకాస్త చూద్దాం" అనుకుని నాలుగు గంటలు ఆగి వేసుకున్నవాళ్లకు అది పనిచేయకపోవడానికి ఇదొక కారణం. అందుకని ఇది మైగ్రేనే అని తెలిసిన వెంటనే, నొప్పి ఇంకా తక్కువగా ఉన్నప్పుడే, సరిపడా డోసు వేసుకోవాలి.

పెద్దవాళ్లకు పారాసిటమాల్ అయితే ఒకేసారి 1000 మిల్లీగ్రాములు, అంటే 500 బిళ్లలు రెండు. 50 కిలోల లోపు బరువున్నవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు డోసు అడిగి వేసుకోవాలి. ఐబుప్రోఫెన్ అయితే 400, నాప్రోక్సెన్ అయితే 500 మిల్లీగ్రాములు, ఏదైనా ఒకటే. ఈ రెండూ ఖాళీ కడుపున పడవు. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో ఎవరైనా వీటి జోలికి పోకూడదు. వాంతి వచ్చేలా ఉంటే డోంపెరిడోన్ 10 మిల్లీగ్రాములు తోడుగా ఇస్తారు. అది వికారాన్ని తగ్గించి, పొట్టనూ కదిలిస్తుంది. గుండె లయ తేడా ఉన్నవాళ్లకు మాత్రం అది తగదు. 16 ఏళ్లలోపు పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వొద్దు.

ఈ మామూలు బిళ్లలు మూడుసార్లు సరైన డోసులో, సరైన సమయంలో వేసుకున్నా ఇంటూ గుర్తే పడుతుంటే మైగ్రేన్ కోసమే ఉన్న ట్రిప్టాన్ రకం మందుల గురించి డాక్టరును అడగండి. సుమాట్రిప్టాన్ 50, రిజాట్రిప్టాన్ 10 మిల్లీగ్రాములు వాడుకలో ఉన్నాయి. ఇవి నొప్పి మొదలయ్యాక వేసుకునేవి, ఆరా కనిపించగానే కాదు. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు, బీపీ అదుపులో లేనివాళ్లకు పనికిరావు. అందుకే పక్కింటివాళ్ల చీటీ చూసి కొనే మందు కాదిది.

బిళ్ల వేసుకున్నాక చీకటి గది, నుదుటి మీదో మెడ వెనకో చల్లటి తడిగుడ్డ, కాసిని ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ గుక్క గుక్కగా. పడితే ఒక కప్పు కాఫీ కూడా సాయపడుతుంది. బామ్ రాసుకుంటే హాయి అనిపిస్తే రాసుకోండి, కానీ దాని ఘాటే కొందరికి వాంతి తెప్పిస్తుంది.

గీతలు ఎన్ని దాటితే ప్రమాదం?

పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు, ఎర్గాటమిన్ (పాత మైగ్రేన్ మందు), ట్రమడాల్ (గట్టి నొప్పి మందు), రెండు మూడు మందులు కలిపిన బిళ్లలు నెలకు 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి సాగితే మందులే కొత్త తలనొప్పిని తెస్తాయి. పొద్దున లేస్తూనే మొద్దుబారిన నొప్పి, బిళ్ల వేస్తే తగ్గడం, దాని పట్టు వదలగానే మళ్లీ రావడం దాని లక్షణం. ఇక్కడ లెక్క రోజులది. ఒకే రోజు రెండు బిళ్లలు వేసుకుంటే ఒక రోజే. ఎన్ని గడుల్లో గీతలున్నాయో చూడండి. వారానికి రెండు రోజులకు మించకుండా ఉంటే భయం లేదు. షాపులో "తలనొప్పి బిళ్ల" అని అడిగితే ఇచ్చేవాటిలో చాలావరకు కెఫీన్ కలిసిన మిశ్రమాలుంటాయి. వాటికి పది రోజుల హద్దే వర్తిస్తుంది.

ఈ వలలోంచి బయటపడాలంటే ఆ బిళ్లలు ఆపాలి. మామూలు నొప్పి బిళ్లలూ ట్రిప్టాన్లూ ఒకేసారి ఆపొచ్చు. ట్రమడాల్, నిద్ర మందులు అలా ఆపకూడదు, డాక్టరు చెప్పిన మెట్లలో తగ్గించాలి. ఆపిన తర్వాత 2 నుంచి 10 రోజులు నొప్పి మరింత ఎక్కువగా ఉంటుంది. చాలామంది ఓడిపోయేది ఇక్కడే: నాలుగో రోజు తట్టుకోలేక ఒక బిళ్ల వేస్తారు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకని పరీక్షలు, పెళ్లిళ్లు, బుడ్డలు (వేరుశనగ) పీకే పనులు లేని వారం చూసుకోండి. ఆపే ముందే, నొప్పి రాకుండా రోజూ వేసుకునే నివారణ మందు మొదలుపెట్టిస్తే దాటడం సులువు.

రోజు గడియారం తప్పకుండా

మైగ్రేన్ ఉన్న మెదడుకు మార్పు పడదు. ఎండ ఒక్కటే, ఆకలి ఒక్కటే చాలాసార్లు నొప్పి తేవు. రెండు మూడు కలిస్తే తెస్తాయి. మహాశివరాత్రి దీనికి సరైన ఉదాహరణ: పగలంతా ఉపవాసం, రాత్రంతా జాగారం, సాంబ్రాణి పొగ, మైకుల హోరు. పండగ పూట తలస్నానం చేసి, తడి జుట్టు ముడివేసుకుని, పూజ అయ్యేదాకా ఏమీ తినకుండా పొగలో కూర్చోవడమూ అంతే. అన్నీ మానక్కర్లేదు, కలవకుండా చూసుకుంటే చాలు. ఉపవాసమైతే పాలు, పండ్లు మూడు నాలుగు గంటలకోసారి. జాగారమైతే కడుపు నిండా తిని. జుట్టు పూర్తిగా ఆరాకే బయటికి.

రంజాన్ ఉపవాసాలున్నవాళ్లకు మొదటి రోజుల నొప్పిలో ఎక్కువ భాగం టీ మానేయడం వల్లే. నెల మొదలవడానికి పది రోజుల ముందు నుంచే రోజుకు అర కప్పు చొప్పున తగ్గించుకుంటూ రావాలి. సహరీ వదలకూడదు, అందులో తెల్లన్నం కంటే గుడ్లు, పప్పు, జొన్నరొట్టె లాంటివి ఎక్కువసేపు నిలబడతాయి.

మామూలు రోజుల్లో రెండు భోజనాల మధ్య నాలుగైదు గంటలకు మించనివ్వొద్దు. పొలానికో కాలేజీకో వెళ్లేవాళ్లు గుప్పెడు వేయించిన బుడ్డలు, ఒక బెల్లం ముక్క దగ్గర పెట్టుకుంటే సరి. పడుకునే వేళ, లేచే వేళ ఆదివారమైనా గంటకు మించి మారకూడదు. సెలవు రోజు పది దాకా నిద్రపోతే మధ్యాహ్నానికి తల పట్టుకునేది అందుకే. కాఫీ టీలు కలిపి రోజుకు రెండు కప్పులు, అదీ ఒకే వేళకు.

ఏప్రిల్, మే ఎండలకు వేరే లెక్క. మూత్రం లేత పసుపులో ఉండేటన్ని నీళ్లు తాగాలి, అంటే చాలామందికి మూడు లీటర్ల దాకా. 11 నుంచి 4 మధ్య బయటి పని తప్పకపోతే అంచున్న టోపీ, నల్లద్దాలు. సున్నం కొట్టిన మిద్దె, పాలిష్ పెట్టిన నాపరాళ్ల మీద నుంచి లేచే కాంతి కూడా కళ్లను ఇబ్బంది పెడుతుంది. అయితే ఇంట్లో నల్లద్దాలు వద్దు. చీకటికి అలవాటుపడిన కళ్లు మామూలు వెలుతురును కూడా ఓర్చుకోలేవు.

మానాల్సిన తిండి జాబితాల్లో కనిపించే చీజ్, రెడ్ వైన్ మన ఇళ్లలో అరుదు. చాక్లెట్ మీద పడే నింద కూడా సగం అపవాదే: నొప్పికి ముందు రోజు మెదడులో మొదలైన మార్పే తీపి మీద కోరిక, ఆవలింతలు పుట్టిస్తుంది. తిన్నందుకు నొప్పి రాలేదు, రాబోతోంది కాబట్టి తిన్నారు. క్యాలెండర్‌లో మూడుసార్లకు మించి జత కుదిరిన తిండినే మానండి.

రోజూ వేసుకునే నివారణ మందు

నెలకు నాలుగు రోజులో, అంతకంటే ఎక్కువో పని ఆగిపోతుంటే నివారణ మందు అడగాల్సిన సమయం వచ్చినట్టే. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో న్యూరాలజీ విభాగం ఉంది. జనరల్ ఫిజీషియన్ కూడా మొదలుపెట్టగలరు. నివారణకు ఇచ్చే మందుల్లో ప్రొప్రనొలాల్ ఒకటి, ఉబ్బసం ఉందని చెప్పకపోతే అది ప్రమాదం. ఫ్లూనరిజిన్ బరువు, మత్తు పెంచుతుంది, దిగులు ఉన్నవాళ్లకు మంచిది కాదు. అమిట్రిప్టిలిన్ రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలవుతుంది, నోరు ఎండుతుంది. టోపిరమేట్ వేళ్లలో తిమ్మిరి తెస్తుంది, కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకు తగదు. టోపిరమేట్, వాల్‌ప్రోయేట్ కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే చెప్పాలి. ఆరాతో మైగ్రేన్ ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఈ మాట కూడా అడగకపోయినా చెప్పాల్సిందే.

ఈ మందులు తక్కువ డోసుతో మొదలై మెల్లగా పెరుగుతాయి. సరైన డోసు చేరాక 8 నుంచి 12 వారాలు చూడాలి. రెండు వారాలకే "గుణం లేదు" అని మానేయడం అవి విఫలమైనట్టు కనిపించడానికి ఒక ముఖ్య కారణం. నొప్పి రోజులు సగానికి తగ్గితే మందు పనిచేసినట్టే. 6 నుంచి 12 నెలలు బాగుంటే డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. తగ్గించే నెలల్లో కూడా గీతలు ఆపొద్దు. నొప్పి గడులు మళ్లీ నాలుగు దాటితే డోసు పెంచాలా, మందు మార్చాలా అని డాక్టరు నిర్ణయించేది ఆ క్యాలెండర్ చూసే.