అలర్జీ మాత్ర వేసుకుని కారు నడపడం: నా అనుభవం

బెంగళూరు దుమ్ముకీ పుప్పొడికీ నాకు తుమ్ములు ఆగవు. డాక్టరుగారు సెట్రిజిన్ రాశారు. తుమ్ములు తగ్గాయి గానీ, పొద్దున మారతహళ్ళి వైపు వెళ్తుంటే ముందు బండి బ్రేక్ లైటు కనిపించాక కాలు కదలడానికి కాస్త ఆలస్యమయ్యేది. నిద్ర వస్తున్నట్టు కూడా ఉండదు, అసలు ప్రమాదం అక్కడే.

మానేస్తే ఆయాసం మొదలయ్యే ఒళ్ళు నాది, అందుకే నా అంతట నేను మానలేదు. ఆయన్ని అడిగి రాత్రి పూటకి మార్చాను. కొంత నయం, అంతే. ఒంట్లో అది సగానికి తగ్గడానికే సుమారు 8 గంటలు పడుతుంది. "రోజూ కారు నడుపుతానండీ" అని చెప్పాక ఫెక్సోఫెనడిన్ ఇచ్చారు. దీనికి మత్తు చాలా తక్కువ. పళ్ళరసంతో వేసుకుంటే సరిగా పనిచేయదు, మంచినీళ్ళే తాగాలి. కొత్త మాత్ర ఎలా పడుతుందో తెలిసేదాకా ఆఫీసుకి మెట్రోలోనే వెళ్ళాను.

జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ (మత్తు ఎక్కువగా తెచ్చే పాత అలర్జీ మందు) ఉందేమో కూడా ఇప్పుడు చూస్తాను. ఉంటే ఆ రోజు కారు తాళాలు మా ఆవిడకే. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ తాగి నడిపేవాళ్ళకే అనుకుంటారు చాలామంది. బండి అదుపు చేయలేనంతగా ఔషధం ప్రభావంలో ఉండి నడిపినా అదే సెక్షన్.