ఎంఓఎఫ్‌ను కాల్చి నానో పొడి తయారు చేయడం ఎలా?

మా దేవరకొండ వైపు సర్కారు తుమ్మ కట్టెలతో బొగ్గు బట్టి పెడతారు. కట్టెలు పేర్చి, గాలి దూరకుండా పైన మట్టి కప్పి కాలుస్తారు. ఎక్కడైనా మట్టి నెర్రె విచ్చిందా, అక్కడ దొరికేది బూడిదే. ఎంఓఎఫ్‌ను కాల్చడంలో కిటుకు కూడా అదే.

లోహ అయాన్లను సేంద్రియ అణువులతో ముడివేసిన, లోపలంతా సందులుండే స్ఫటికాలే ఎంఓఎఫ్‌లు (మెటల్-ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లు). 2025 రసాయన నోబెల్ వీటికే వచ్చింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకైతే కోబాల్ట్‌తో చేసే జిఫ్-67 అనే ఎంఓఎఫ్ మంచిది, రంగు చూస్తేనే సగం పని తెలిసిపోతుంది.

ముందు పొడి. 1.45 గ్రాముల కోబాల్ట్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్‌ను 40 మి.లీ. మిథనాల్‌లో, 1.64 గ్రాముల 2-మిథైల్ ఇమిడజోల్‌ను మరో 40 మి.లీ.లో కరిగించి కలపండి. గులాబీ రంగు వంకాయ రంగుకు తిరుగుతుంది. ఒక రోజు కదపకుండా ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి (వేగంగా తిప్పి పొడిని అడుగుకు దించి), మిథనాల్‌తో మూడుసార్లు కడిగి ఆరబెట్టండి. మిథనాల్ విషం, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబ్ అర) బయట ముట్టొద్దు.

ఇక కాల్చడం. పొడిని అల్యూమినా బోట్‌లో (వేడికి తట్టుకునే పడవ ఆకారపు చిన్న గిన్నె) పల్చగా పరిచి, ట్యూబ్ ఫర్నేస్‌లో (గొట్టం ఆకారపు కొలిమి) పెట్టి, అరగంట నైట్రోజన్ వదలండి. తర్వాత నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 800కు తీసుకెళ్లి 2 గంటలు ఉంచండి. బయటికొచ్చే వాయువుల్లో హైడ్రోజన్ సైనైడ్ అనే ప్రాణాంతక విషవాయువు ఉండొచ్చు. ఆ గొట్టం హుడ్‌లోకే పోవాలి, ఇందులో మొహమాటం వద్దు.

లోపల సేంద్రియ భాగం విరిగి కార్బన్ మిగులుతుంది. ఆ కార్బనే కోబాల్ట్ అయాన్లను లోహంగా మారుస్తుంది. లోహపు పరమాణువులు ఒకచోట చేరి నానో గుళికలవుతాయి. మధ్యలో కార్బన్ అడ్డం ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా ముద్ద కట్టవు. వేడి మరీ పెంచితే మాత్రం గుళికలు లావెక్కుతాయి.

అదే జిఫ్-67 పొడిని నైట్రోజన్‌లో కాకుండా గాలిలో 350 డిగ్రీల దగ్గర కాలిస్తే కార్బన్ పోయి కోబాల్ట్ ఆక్సైడ్ మిగులుతుంది. గ్రాము జిఫ్-67కు అది 0.36 గ్రాములు మించదు. జింక్‌తో చేసే జిఫ్-8 అయితే ఇంకో తమాషా: జింక్ 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అది దాటితే లోహమే ఆవిరై పోయి రంధ్రాల కార్బన్ మిగులుతుంది. ట్యూబ్ చల్లటి కొసన బూడిదరంగు వలయం కనిపిస్తే అదే జింక్.

చల్లారేదాకా నైట్రోజన్ ఆపొద్దు. ఒకసారి ఆఖరి బస్సు టెన్షన్‌లో 200 డిగ్రీల దగ్గరే ట్యూబ్ తెరిచాను. నల్లటి పొడి మీద ఒక మూల అగరుబత్తి కొసలా ఎర్రగా రాజుకుని, చూస్తుండగానే బోట్ అవతలి అంచుదాకా పాకింది. పొడీ పోయింది, బస్సూ పోయింది.