అన్ని సిలిండర్లలోనూ కంప్రెషన్ ఒకేసారి తగ్గిందా? ఇంజిన్ విప్పే ముందు టెస్టర్‌ను చూడండి

విమానాల వంద గంటల తనిఖీలో డిఫరెన్షియల్ కంప్రెషన్ టెస్ట్ (80 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 80 పౌండ్ల ఒత్తిడితో సిలిండర్‌లోకి గాలి పంపి, లోపల ఎంత నిలుస్తుందో కొలిచే పరీక్ష) చేసి, ఏదో ఒక సిలిండర్ 80కి 62 చూపగానే, దాన్ని విప్పేయాలన్న నిర్ణయానికి వచ్చేవారిని చెన్నైలోనూ బెంగళూరులోనూ తరచుగా చూస్తున్నాను. శిక్షణ విమానాల్లో ఎక్కువగా కనిపించే నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఇంజిన్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను; మరో ఇంజిన్ తయారీ సంస్థ కాంటినెంటల్ పద్ధతి వేరుగా ఉన్న చోట ఆ సంగతి చెబుతాను. టెస్ట్ చేసే క్రమం చదివేవారికి తెలుసుననే అనుకుంటున్నాను. అయినా, 5.125 అంగుళాల బోర్ (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌లో పిస్టన్ మీద 80 పీఎస్ఐ గాలి సుమారు 750 కిలోల బలంతో నొక్కుతుందని ప్రొపెల్లర్ తిరగకుండా పట్టుకునే మనిషికి ప్రతిసారీ గుర్తుచేయవలసిందే.

సిలిండర్ విప్పడం చిన్న పని కాదు. త్రూ-బోల్టులు (సిలిండర్లను క్రాంక్‌కేస్‌కు బిగించే పొడవాటి బోల్టులు) వదులు చేసిన క్షణంలో క్రాంక్‌కేస్ రెండు భాగాలనూ, వాటి మధ్య ఉన్న మెయిన్ బేరింగులనూ బిగించి పట్టిన బలం తగ్గిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు సిలిండర్ ఫ్లాంజ్ (అడుగు అంచు) కింద పెయింటో సీలెంటో మిగిలిపోతే, టార్క్ రెంచ్ సరైన అంకె చూపినా బోల్టులో ఉండవలసిన బిగువు ఉండదు. కాబట్టి సిలిండర్ నిజంగా లీకవుతోందని తేలకుండా దాని మీద చెయ్యి వేయకూడదు.

ముందుగా: ఇంజిన్ వేడిగా ఉందా?

ఈ ప్రశ్న అడగవలసి రావడమే బాధాకరం. ఉదయం షెడ్డులోంచి తోసుకొచ్చిన విమానానికి అలాగే టెస్ట్ చేసి, వచ్చిన అంకెను లాగ్‌బుక్‌లో రాసేయడం ఇప్పటికీ జరుగుతోంది. ఇంజిన్‌ను పని చేసే ఉష్ణోగ్రతకు తెచ్చి, ఆపిన వెంటనే కొలవాలి. రింగులు, పిస్టన్, సిలిండర్ గోడ వేడికి వ్యాకోచించి తమ తమ కొలతలకు చేరినప్పుడే, వాటి మధ్య నూనె పొర ఉన్నప్పుడే ఆ అంకెకు అర్థం ఉంటుంది. అలాగే రీడింగ్ తీసుకునే క్షణంలో టెస్టర్ మొదటి గేజ్ (లోపలికి పంపే గాలి ఒత్తిడి చూపేది) కచ్చితంగా 80 దగ్గర ఉండాలి. గాలి సిలిండర్‌లోకి పారడం మొదలయ్యాక రెగ్యులేటర్ కాస్త దిగుతుంది, దాన్ని మళ్ళీ సరిచేయకుండా రెండో గేజ్ (సిలిండర్‌లో నిలిచిన ఒత్తిడి చూపేది) చదివితే లాభం లేదు.

ఒక్క సిలిండరే తగ్గితే

గాలి ఎక్కడినుంచి పోతోందో చెవితో వినండి. ఎగ్జాస్ట్ పైపులో బుసబుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. ఆయిల్ పోసే మూత దగ్గరా బ్రీదర్ (క్రాంక్‌కేస్ గాలి బయటికి పోయే గొట్టం) దగ్గరా వినిపిస్తే రింగులు. రింగుల దగ్గర కొద్దిపాటి చప్పుడు ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లోనూ ఉంటుంది.

ఎగ్జాస్ట్ వాల్వ్ అయితే బోరోస్కోప్ (లోపలికి దూర్చి చూసే సన్నని కెమెరా) పెట్టి దాని ముఖం చూడండి. రంగులు కేంద్రం చుట్టూ వలయాలుగా, సమంగా ఉంటే, సీటు మీద కార్బన్ లేదా సీసం పెచ్చు ఇరుక్కుని ఉండే అవకాశం ఎక్కువ. రాకర్ కవర్ తీసి, పిస్టన్‌ను టీడీసీ (పిస్టన్ అన్నిటికంటే పైకి చేరే స్థానం) నుంచి పక్కకు తిప్పి, వాల్వ్ స్టెమ్‌కు సరిగ్గా పైన రాకర్ (వాల్వ్‌ను నొక్కే చేయి) మీద ఫైబర్ డ్రిఫ్ట్ (ఫైబర్ కడ్డీ) ఆనించి సుత్తితో కొన్ని దెబ్బలు వేస్తే అది రాలిపోతుంది. టీడీసీలో ఉంచి కొడితే కొన్ని ఇంజిన్లలో వాల్వ్ పిస్టన్‌కు తగులుతుంది. తర్వాత ఇంజిన్‌ను కొన్ని చుట్లు తిప్పి మళ్ళీ కొలవండి. అలా కాక వాల్వ్ అంచున ఒకవైపే రంగు మారి కనిపిస్తే అది కాలుతున్న వాల్వ్. గేజ్ మీద అంకె ఎంత బాగున్నా ఆ సిలిండర్ విప్పవలసిందే.

రింగుల వైపు అయితే, ఒత్తిడి ఉండగానే ప్రొపెల్లర్‌ను టీడీసీకి అటూ ఇటూ స్వల్పంగా కదిపి, రింగులు గాడిలో సరిగ్గా కూర్చునేలా చేసి చూడండి. అప్పటికీ తక్కువగానే ఉండి, వేరే ఏ చెడు లక్షణమూ లేకపోతే, 65 నుంచి 75 శాతం పవర్‌లో ముప్పావుగంట ఎగరనిచ్చి వేడిగా ఉండగా మళ్ళీ కొలవాలి. రింగులు గాడిలో తిరుగుతుంటాయి కాబట్టి, వాటి నోళ్ళు (రింగు రెండు కొసల మధ్య ఖాళీలు) ఒకే వరుసలోకి వచ్చిన రోజున కొలిచిన అంకెను బట్టి ఇంజిన్ మీద తీర్పు చెప్పకూడదు.

అన్ని సిలిండర్లూ కలిసి తగ్గితే

అందరినీ మోసం చేసేది ఇదే కనుక కాస్త వివరంగా చెప్పాలి. గత తనిఖీలో 78, 76, 70, 74 ఉన్న ఇంజిన్ ఈసారి 77, 74, 66, 71 చూపిందనుకుందాం. లైకమింగ్ లెక్కలో 70 దాటితే నిశ్చింత, 65 కంటే తగ్గితే ఆలోచించాలి. సిలిండర్ల మధ్య తేడా 5 వరకు ఫర్వాలేదు, 10 నుంచి 15 ఉంటే కారణం వెతకాలి. ఈ లెక్కన మూడో సిలిండర్ చెడిపోతోందని, మిగిలినవి దాని వెనకే వస్తున్నాయని అనిపిస్తుంది. నిజానికి ఇక్కడ ఇంజిన్‌లో ఏ మార్పూ లేకపోవచ్చు. టెస్టర్ లోపలి ఆరిఫిస్ (గాలి పారే సన్నని రంధ్రం) వ్యాసం పదో వంతు తగ్గితే, పాత అంకెలు ఇంచుమించు ఈ కొత్త అంకెలుగానే మారతాయి.

వెయ్యి ఘనపుటంగుళాల లోపు ఇంజిన్లకు ఆ ఆరిఫిస్ వ్యాసం 0.040 అంగుళం, అంటే సుమారు ఒక మిల్లీమీటరు. రెండు గేజుల మధ్య ఉన్న ఆ సన్నని రంధ్రం గుండా వచ్చే గాలికీ, సిలిండర్‌లోంచి కారిపోయే గాలికీ మధ్య కుదిరే సమతౌల్యమే రెండో గేజ్ చూపే అంకె. చిల్లు కుండలోకి పడే నీటిధార సన్నబడితే, చిల్లు పెద్దది కాకపోయినా కుండలో నీటిమట్టం దిగిపోతుంది. ఇదీ అంతే.

నెల్లూరు నుంచీ తిరుపతి నుంచీ వచ్చి చెన్నైలో ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజినీరు) శిక్షణలో ఉన్న పిల్లలు దీనికి తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు: "హోస్ చివర మూసి చూశాం సార్, రెండు ముళ్ళూ 80 దగ్గరే నిలబడ్డాయి, టెస్టర్ బాగున్నట్టే కదా?" ఆ పరీక్ష చేయవలసిందే; గేజుల మధ్య తేడానూ, హోస్‌లో లీకునూ అది పట్టిస్తుంది. పూడిన ఆరిఫిస్‌ను మాత్రం అది పట్టించలేదు. చివర మూసేస్తే గాలి పారదు. గాలి పారనప్పుడు ఎంత సన్నని రంధ్రం గుండా అయినా కాసేపటికి రెండు వైపులా ఒత్తిడి సమానమవుతుంది.

దీన్ని పట్టించే గుర్తు అంకెల వరుసలోనే ఉంటుంది. సిలిండర్ల క్రమం మారదు: గతంలో బలహీనమైనదే ఇప్పుడూ బలహీనమైనది, గతంలో మేలైనదే ఇప్పుడూ మేలైనది. కాని లీకు ఎక్కువగా ఉన్నదాంట్లో అంకె ఎక్కువగా పడిపోయి, వాటి మధ్య దూరం పెరుగుతుంది. గతంలో 65 చూపిన సిలిండర్ ఇలాంటి టెస్టర్‌లో 60కి దిగుతుంది. నిష్కారణంగా సిలిండర్లు విప్పడం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. నాలుగు సిలిండర్లు నిజంగా అరిగితే ఇంత క్రమశిక్షణతో అరగవు.

చెన్నైలో ఇది ఎక్కువగా జరగడానికి కారణం గాలిలోని తేమ. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల వానల్లో, కంప్రెసర్ ట్యాంకు అడుగున నీళ్ళు చేరుతూనే ఉంటాయి. ట్యాంకు లోపలి తుప్పు ఆ నీటితో కలిసి, కంప్రెసర్ నూనె ఆవిరిని కూడా తోడు తీసుకుని, హోస్ గుండా వచ్చి ఆరిఫిస్ ముఖద్వారం దగ్గర పేరుకుంటుంది. ఆ భాగాన్ని విప్పి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకుని చూడండి. శుభ్రంగా ఉన్నప్పుడు గుండ్రని వెలుగుచుక్క కనిపిస్తుంది. పూడినప్పుడు ఆ చుక్క ఒకవైపు నొక్కుకుపోయి, అంచున గోధుమరంగు పొలుసు కనిపిస్తుంది.

శుభ్రం చేయడానికి తీగ దూర్చకండి, డ్రిల్ బిట్ అసలే వద్దు. ఇత్తడి అంచు గీసుకుపోయి రంధ్రం కాస్త పెద్దదైతే, ఆ తర్వాత చెడిపోయిన సిలిండర్ కూడా మంచి అంకె చూపుతుంది. అది పూడిక కంటే చాలా ప్రమాదకరం. సాల్వెంట్‌లో నానబెట్టి, పొడి గాలిని వెనకవైపు నుంచి ఊదండి. పోకపోతే కాలిబ్రేషన్‌కు పంపండి. కంప్రెసర్ ట్యాంకును టెస్ట్ రోజు ఉదయం తప్పక డ్రెయిన్ చేయండి, టెస్టర్‌కు ముందు తేమను ఆపే ఫిల్టర్ పెట్టండి.

కాంటినెంటల్ ఇంజిన్లకు మాస్టర్ ఆరిఫిస్ సాధనంతో (కచ్చితమైన కొలత గల రంధ్రంతో, తెలిసినంత లీకునే ఇచ్చేది) ఆ రోజు కనీస పరిమితిని టెస్టర్ మీదే కొలిచి తెలుసుకుంటారు. టెస్టర్ పూడితే ఆ పరిమితి కూడా దానితో పాటే దిగుతుంది కనుక అక్కడ పొరపాటు తనంతట తానే సర్దుకుంటుంది. లైకమింగ్‌కు అంకెలు స్థిరంగా ఉండటం వల్ల ఈ రక్షణ లేదు. అయినా ఆ సాధనాన్ని లైకమింగ్ టెస్ట్‌కు ముందు కూడా తగిలించి, వచ్చిన అంకెను టెస్టర్ పెట్టెలో ఉంచిన కార్డు మీద తేదీతో రాసుకోమని గట్టిగా చెబుతాను. నెలల తరబడి ఒకేలా ఉన్న ఆ అంకె దిగడం మొదలైతే, పూడుతున్నది ఆరిఫిస్. చెన్నైలో వచ్చిన అంకెను, సముద్రమట్టానికి సుమారు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న బెంగళూరు జక్కూరులో తీసిన అంకెతో పోల్చకండి. ఏ చోటి అంకెను ఆ చోటి పాత అంకెలతోనే పోల్చాలి. ఈ సాధనం దొరకని చోట, కాలిబ్రేషన్ చెల్లుబాటులో ఉన్న మరో టెస్టర్‌తో అదే సిలిండర్‌ను వేడి తగ్గకముందే కొలిచి చూడవచ్చు.

ఇదే కోవలో ఇంకొకటి: స్పార్క్ ప్లగ్ రంధ్రంలో బిగించే అడాప్టర్ ఓ-రింగ్ (రబ్బరు వలయం) ఎండిపోయి పగిలితే, అక్కడ పోయే గాలి కూడా సిలిండర్ ఖాతాలోనే పడుతుంది. సబ్బు నీళ్ళు రాస్తే బుడగలు కనిపిస్తాయి. పది నిమిషాల పని ఇది.

అరుదైనవి

సిలిండర్ హెడ్‌లో పగులు, పిస్టన్‌కు రంధ్రం, ప్లగ్ రంధ్రంలోని ఇన్సర్ట్ వదులు కావడం వంటివి ఉంటాయి. సిలిండర్‌ను చల్లబరిచే రెక్కల మధ్య సబ్బు నీళ్ళు, లోపల బోరోస్కోప్ వీటిని వెంటనే బయటపెడతాయి. నెలల తరబడి సముద్రపు గాలిలో ఊరకే నిలబడిన విమానంలో సిలిండర్ గోడల మీద తుప్పు పట్టి అంకెలన్నీ నిజంగానే తగ్గవచ్చు. అదీ బోరోస్కోప్‌లో కనబడుతుంది.

లాగ్‌బుక్‌లో నాలుగు అంకెలు మాత్రమే రాసి వదిలేయకండి. ఆ రోజు వాడిన టెస్టర్ సీరియల్ నంబరు, మాస్టర్ ఆరిఫిస్ రీడింగ్, ఇంజిన్ ఆపాక ఎంతసేపటికి కొలిచారన్నది, గాలి ఎక్కడినుంచి పోతూ వినిపించిందన్నది కూడా రాయండి. వంద గంటల తర్వాత అదే ఇంజిన్ దగ్గరికి వచ్చే ఇంజినీరుకు కావలసింది ఆ వివరాలే.